జిపార్ ఎక్కిన బండి

బండిలో సర్దుకుని కూర్చున్న సైరాగుల్, జిపార్ దుకాణం గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి రావడం చూసి మళ్ళీ దిగిపోయింది. ఊరికే దిగలేదు. వెనక డిక్కీ తెరిపించి, పట్నం సంతకు తీసుకెళ్తున్న ఉన్ని చెప్పుల మూటలు రెండూ కిందకి లాగించుకుంది.

"ఏమిటక్కా, సంత మానేశావా?" అన్నాడు డ్రైవరు జోల్దోష్, సంగతి తెలిసి కూడా.

"సంత మానలేదు, నీ బండి మానేశా. నాకింకా బతకాలని ఉంది నాయనా. ఆ అమ్మాయి ఎక్కినప్పుడల్లా నీ బండి దీపాలు టపటపా కళ్ళు కొట్టుకుంటాయి. ఆ రోజు ఎక్కుడులో ఆగింది. ఈసారి దిగుడులో ఆగితే? లోయలోంచి నా చెప్పులు ఎవరు ఏరుకొస్తారు?"

"మెల్లగా. వింటోంది."

"వినాలనే అంటున్నా."

ముందు సీట్లో ఉన్న తెల్లటోపీ ముసలాయన కూడా, ఇంట్లో ఏదో మరిచిపోయానని గొణుక్కుంటూ దిగాడు. మరిచిపోయింది తెచ్చుకోవడానికి ఇంటివైపు వెళ్ళాలి కదా, అటు వెళ్ళలేదు. పక్కనున్న ఇంకో బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

జిపార్ వెనక సీటులో తన మూలన కూర్చుని దుప్పటి మోకాళ్ళ మీదకి లాక్కుంది. ఆమె కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. కనుమకి అవతల పట్నంలో, ఆసుపత్రి యంత్రం వారానికి మూడుసార్లు ఆమె రక్తం కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపిస్తుంది. అది జరిగినన్నాళ్ళే ఆమె ఉంటుంది. భర్త మైరమ్ గొర్రెల మందతో కొండమీద శీతాకాలపు కొట్టం దగ్గరున్నాడు, ఫోను అందని చోట. అందుకని గడ్డి కోతలప్పటి నుంచీ ఆమెను తీసుకెళ్ళి తీసుకొస్తున్నది బావగారు జోల్దోషే. మిగతా సీట్లలో కూర్చునే ముగ్గురిచ్చే డబ్బులతోనే ఆయన ఇల్లు గడవాలి. ఆ ముగ్గురూ ఈవేళ లేరు.

ఊరు దాటి, పసుపెక్కిన పోప్లార్ చెట్ల వరస దాటేసరికి ఆమె పళ్ళు కటకటలాడటం మొదలైంది. బయట ఎండ బాగానే ఉంది. జోల్దోష్ చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నాడు. అద్దంలోంచి ఆమెను చూసి, హీటరు మీట చివరిదాకా తిప్పాడు. ఆమెకు చలి అని తెలిసిన దగ్గర్నుంచీ అంతే. తన మెడమీద చెమట కారుతున్నా ఆ మీట వెనక్కి తిప్పడు.

కనుమ ఎక్కుడు మొదలవగానే మీటర్ల వెనక దీపాలు ఒకసారి వణికాయి. జిపార్ కాళ్ళ వేళ్ళు బిగుసుకున్నాయి. రోడ్డు మీద గతుకొకటి తగిలింది. దీపాలు ఆరి వెలిగాయి, వేగం చూపించే ముల్లు బండి పరుగెడుతుండగానే సున్నా మీద పడి, లేచి, మళ్ళీ పడింది. ఎర్ర దీపం, పచ్చ దీపం, ఇంజను నూనె గుర్తు దీపం అన్నీ ఒక్కసారి వెలిగి ఒక్కసారి పోయాయి. దాని వెంటే ఇంజను కూడా గప్‌చుప్ అయిపోయింది.

వెనకాల బొగ్గు లారీ వాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. బండి వెనక్కి జారుతోంది. జోల్దోష్ బ్రేకు తొక్కిపట్టి, "బిస్మిల్లా, బిస్మిల్లా" అంటూ తాళం తిప్పాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. లారీ వాళ్ళను రాసుకుంటూ పక్కనుంచి పోయింది, అందులోని మనిషి కిటికీలోంచి అన్న బూతు కూడా వినపడింది. మూడోసారి ఇంజను అందుకుంది.

"బావగారూ..."

"ఏం లేదమ్మా. కళ్ళు మూసుకో."

ఆమె మూసుకోలేదు. తను చూపు తిప్పితే ఆ దీపాలు ఆరిపోతాయన్నట్టు, పట్నం దాకా రెప్ప వాల్చకుండా వాటినే చూస్తూ కూర్చుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో టీ దగ్గర అత్తగారు ఐమ్‌కాన్ అందరికీ గిన్నెలు నింపింది. జిపార్ గిన్నెలో మాత్రం అడుగు తడిసేంత పోసింది. అది నీళ్ళు తక్కువ తాగాలని డాక్టరు చెప్పిన లెక్కే, అందులో తప్పు లేదు. తప్పు ఆ తర్వాతి మాటల్లో ఉంది.

"ఆ మెకానిక్ కుబాత్ చేత రెండుసార్లు చూపించావు కదరా. ఏమన్నాడు?"

"ఏమీ లేదన్నాడు. బ్యాటరీ బాగుందిట, ఫ్యూజులు బాగున్నాయిట. వాడి వాకిట్లో పెడితే మినుకు లేదు, ఏమీ లేదు. కొత్త పెళ్ళికూతురిలా బుద్ధిగా ఉంది."

"మరి బండిలో లేని జబ్బు ఎక్కడినుంచి వస్తోంది? నువ్వొక్కడివీ వెళ్తే రాదు. సైరాగుల్ ఎక్కితే రాదు, ఆవిడ ఎంత బరువో మనకు తెలుసు." ఐమ్‌కాన్ రొట్టె తుంచింది. "నేను చెడ్డ మాట అనడం లేదు. దీపమున్న చోట నీడ ఉంటుంది, ఆరిపోతున్న దీపం నీడ పెద్దగా ఉంటుంది. అది ఎవరి మీద పడితే వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి."

"అమ్మా."

"నాకున్నది ఇద్దరే కొడుకులు. ఒకడు కొండమీద, ఒకడు ఆ రోడ్డు మీద."

జిపార్ గిన్నె అడుగున ఉన్న గుక్కెడు టీని నాలుక మీద ఉంచుకుంది, మింగలేదు. బావగారు ఏమంటారా అని చూసింది. ఆయన రొట్టెముక్కతో పళ్ళెంలో లేని వెన్నను రాస్తున్నాడు.

ఆ తర్వాతి ఆసుపత్రి రోజున తెల్లవారకముందే ఆమె దుప్పటి మడిచి, బూట్లు తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది. బండి ఉండే చోట నూనె మరక మాత్రం ఉంది. జోల్దోష్ ఆమెను లేపకుండా, గేటు చప్పుడు కాకుండా తోసుకుంటూ బండిని వీధి మలుపు దాకా తీసుకెళ్ళి అక్కడ స్టార్టు చేసుకున్నాడు. చక్రాల గుర్తుల పక్కన ఆయన బూట్ల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. వాటిని చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత బండ్లు ఆగే దుకాణం దగ్గరికి నడిచింది. అక్కడున్న ఇద్దరు డ్రైవర్లూ ఆమెను చూసి, సీట్లు నిండిపోయాయన్నారు. ఒక బండిలో ఎవరూ లేరు.

రాత్రికి జోల్దోష్ తిరిగొచ్చాడు. బండి ఎలా నడిచిందని తల్లి అడిగింది.

"బాగా నడిచింది," అన్నాడు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం బండి చెడిపోయినవాడి మొహంలా ఉంది.

"చూశావా," అంది ఐమ్‌కాన్.

*

మర్నాటికి జిపార్ కాళ్ళు బూట్లలో పట్టలేదు. కళ్ళకింద నీరు చేరి మొహం ఎవరిదోలా అయింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చుంటే నడుము నిలవడం లేదు. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచంలో నవ్వుతూ అల్లిక అల్లుకునే ఒకావిడ ఉండేది. కొండచరియలు పడి వాళ్ళ ఊరి దారి మూసుకుపోయినప్పుడు ఆవిడ వరసగా రెండుసార్లు రాలేకపోయింది. మూడోసారి ఆ మంచంలో వేరే మనిషి ఉంది. రేపు కూడా తను వెళ్ళకపోతే?

భర్త మైరమ్ రబ్బరు చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. ఊరి చివర కుబాత్ ఇంటికి కంచెలు పట్టుకుంటూ, ఆగుతూ, కూర్చుంటూ వెళ్ళింది. కుబాత్ ట్రాక్టరు కిందనుంచి బయటికి జరిగి ఆమెను చూసి, చేతులు తుడుచుకోవడం మరిచిపోయాడు.

"ఉస్తా," అంది, పని తెలిసినవాళ్ళని గౌరవంగా పిలిచే మాటతో, "మా ఇంటి బండి ఇంకోసారి చూడాలి."

"ఎవరు పంపారు? జోల్దోషా?"

పెద్దవాళ్ళ పేరు కోడలు పలకకూడదు. "మా ఇంటి పెద్దాయన కాదు. నేనే వచ్చా. ఇంతకుముందు నేను లేకుండా చూశారు. ఈసారి నన్ను అందులో కూర్చోబెట్టి చూడండి. నావల్లే అయితే అప్పుడూ మినుకుతుంది, మీ నోటితో మీరే చెప్పండి. నేను మళ్ళీ ఎక్కను."

"బండికి మనుషుల మొహాలు తెలీవు చెల్లెమ్మా."

"ఊరికి తెలుసుగా."

ఊరు కుబాత్‌ని కూడా వదల్లేదు మరి. బండిని రెండుసార్లు విప్పి రెండుసార్లు మూశాడు, పని రాని వంకర చేతులన్నారు. ఆయన పనిసంచి భుజాన వేసుకుని, ఆమె అడుగుకి తన అడుగు తగ్గించుకుంటూ వెనకే నడిచాడు.

జోల్దోష్ వాకిట్లో గొడ్డలితో కట్టెలు కొడుతున్నాడు. ఇద్దర్నీ చూసి గొడ్డలి దింపాడు, జేబులోంచి తాళం తీసిచ్చాడు. జిపార్ వెనక సీట్లో తన మూలన కూర్చుంది. కుబాత్ ముందు కూర్చుని ఇంజను ఆన్ చేశాడు. మీటర్ల దీపాలు నిలకడగా వెలిగాయి.

"ఎక్కావు. ఏదీ మినుకు?"

"ఆగండి."

ఆగారు. కుబాత్ డాష్‌బోర్డు మీద పిడికిలితో తట్టాడు. స్టీరింగు ఊపాడు. వాకిట్లోనే బండిని ముందుకీ వెనక్కీ కుదిపాడు. కోళ్ళు పారిపోయాయి కానీ దీపాలు చలించలేదు.

"నీ నీడ ఈవేళ సెలవు పెట్టినట్టుంది," అన్నాడు.

జిపార్‌కి నవ్వు రాలేదు. ఇప్పుడు కూడా ఏమీ కనపడకపోతే ఈయన సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు. రేపు తెల్లవారి మళ్ళీ వాకిట్లో నూనె మరకే. ఆమె ఒళ్ళంతా వణికింది, పళ్ళు మాట మీద ఆగలేదు.

"ఉస్తా... చలి. కాస్త ఆ హీటరు... బావగారు ఎప్పుడూ వేస్తారు."

కుబాత్ మీట చివరికి తిప్పాడు. ఫ్యాను బుస్సుమంది. దీపాలు ఒక్కసారి మసకబారి, వణికి, ఆరి, వెలిగాయి. ముల్లు పాము పిల్లలా ఎగిరి పడింది.

జిపార్ రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేనే. చూశారా, నేనే."

కుబాత్ మీట వెనక్కి తిప్పాడు. దీపాలు నిలబడ్డాయి. ముందుకి తిప్పాడు. వణికాయి. ఆయన మొహంలోకి రక్తం వచ్చింది.

"దిగు."

"ఏమిటి?"

"దిగి ఆ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడు, చెల్లెమ్మా. అటు తిరిగి."

ఆమె దిగింది, కంచె దాకా వెళ్ళి బండికి వీపు పెట్టి నిలబడింది. వెనకాల ఫ్యాను మోత, వెంటనే జోల్దోష్ గొంతు: "మినుకుతోంది. అరే, మినుకుతోంది!"

"ఇంకా దూరం వెళ్ళనా ఉస్తా?" అంది ఆమె, తిరగకుండానే.

"నువ్వు చైనా దాకా వెళ్ళినా మినుకుతుంది! రా ఇటు!"

ఆమె కంచె వదల్లేకపోయింది. కంచె కింద గడ్డిలో అలాగే కూర్చుండిపోయింది. జోల్దోష్ రెండడుగులు ఆమె వైపు వేసి, మరదల్ని తాకరాదు కాబట్టి ఆగి, కట్టెల మొద్దొకటి దొర్లించుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు, కూర్చోడానికి.

"ఎండ కాస్తుంటే హీటరు ఎవరేస్తారు?" అంటున్నాడు కుబాత్, ముందు తలుపు తెరిచి స్టీరింగు కింద వెల్లకిలా దూరుతూ. "నేను వెయ్యలేదు. నువ్వు ఒక్కడివే ఉంటే వెయ్యవు. సైరాగుల్ ఒక్కతే ఉంటే వెయ్యనివ్వదు, ఆవిడే ఒక పొయ్యి. ఈ అమ్మాయి ఎక్కితేనే వేస్తావు. తాళం దగ్గర్నుంచి వచ్చే లావు తీగ ఒకటే, మీటర్లకీ ఇంజనుకీ ఫ్యానుకీ అదే పంచిపెట్టాలి. ఎక్కడో అది నలిగింది. నలిగిన గొట్టంలో ఒక కుళాయికి నీళ్ళొస్తాయి, రెండోది తిప్పితే రెండూ ఆగాగి వస్తాయి. అంతే సంగతి."

ఆయన టెస్టు ల్యాంపు తీశాడు. పాత బల్బుకి రెండు తీగలు కట్టుకున్నది. ఒక కొస బండి ఇనుముకి తగిలించి, రెండో కొస సూదితో తీగ వెంట ఒక్కొక్క చోటే తాకుతూ పోయాడు. తాళం దగ్గర బల్బు తెల్లగా వెలిగింది. జానెడు కింద కూడా తెల్లగానే. ఫ్యూజు పెట్టె దగ్గర, ఫ్యాను తిరుగుతుండగా, బల్బు జబ్బు మనిషి కన్నులా ఎర్రగా అయింది.

"ఈ రెండింటి మధ్యే ఉంది. నాలుగు వేళ్ళ చోటు." తీగలన్నీ కలిపి నల్లగుడ్డ టేపు చుట్టిన కట్టను ఆయన బొటనవేలితో నొక్కుతూ వెళ్ళాడు, కడుపునొప్పి ఎక్కడో వెతికే మంత్రసానిలా. ఉన్నట్టుండి "హా" అని చెయ్యి లాక్కున్నాడు. వేలి మీద నెత్తురు బొట్టు.

ఆయన దాన్ని మెల్లగా ఊడదీసి బయటికొచ్చి, అరచేతిలో పెట్టి చూపించాడు. లావుపాటి పిన్నీసు. దానికి గుచ్చిన నల్లపూస, పూస మీద తెల్లచుక్కలు. చంటిపిల్లల టోపీలకి దిష్టి తగలకుండా పెట్టేది. పిన్నీసు ముల్లు పచ్చగా చిలుము పట్టి ఉంది.

"తీగ నడిమధ్య నుంచి దిగింది. లోపలి పోగులు చాలావరకు తెగి, మిగిలినవి చిలుముతో కుళ్ళిపోయాయి. రెండు మూడు వెంట్రుకల మీద నడుస్తోంది నీ బండి. ఎవరు పెట్టారిది?"

జోల్దోష్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అందరికీ వాకిట్లో ఐమ్‌కాన్ ఉందని తెలిసింది. పిండి కలుపుతున్న చేతులతోనే గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నేనే," అంది. "అద్దానికి కడితే వీడు నవ్వి పీకేశాడు. అందుకని కనపడని చోట పెట్టా. ఆ గుడ్డ చుట్ట ఉన్ని ఫెల్టులా మెత్తగానే ఉంది. ఒక్క చోట గట్టిగా తగిలింది. దళసరి గుడ్డ కుట్టేటప్పుడు నొక్కినట్టు బొటనవేలితో నొక్కా. దిగింది."

"ఎప్పుడు పెట్టావు పెద్దమ్మా?" అన్నాడు కుబాత్.

"ఈ అమ్మాయిని మొదటిసారి పట్నం తీసుకెళ్ళిన పొద్దున."

మొద్దు మీద కూర్చున్న జిపార్ మొహం ఎత్తింది. నీరు పట్టిన ఆ మొహంలో కళ్ళు చిన్నగా అయిపోయాయి.

"నాకోసమా, అత్తయ్యా?"

అవునంటే అయిపోయేది. కుబాత్ అనమన్నట్టే ముసలావిడ వైపు చూశాడు, జోల్దోష్ నేల వైపు చూశాడు. ఐమ్‌కాన్ వేళ్ళకంటిన పిండిని ఒక్కొక్క వేలి నుంచీ తీసి ఉండ చేసింది. ఆ ఉండను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"కాదే. వాడికోసం. నీ జబ్బు నీడ వాడి మీద పడకుండా."

కోళ్ళు తిరిగి వచ్చి కట్టెపేళ్ళ మధ్య గీరుకోవడం మొదలుపెట్టాయి.

"ఉస్తా," అంది జిపార్ చివరికి, "ఎండ ఉండగానే పని కానివ్వండి."

కుబాత్ మళ్ళీ కింద దూరాడు. బ్యాటరీ తీగ విప్పి, కుళ్ళిన చోటుని కత్తిరించి పారేశాడు. రాగి పోగులు మెరిసేదాకా కత్తితో గీకి, కొత్త తీగ ముక్క మెలేసి, ఇంట్లోంచి తెప్పించిన కరెంటు వైరుకి తగిలించి సోల్డరింగు కడ్డీ కాచి సీసం కరిగించి పోశాడు. పొగ ఆయన కళ్ళల్లో పడింది. టేపు చుట్టేటప్పుడు పక్కనే నిలబడి టేపు చుట్ట పట్టుకున్నది ఐమ్‌కాన్. ఎవరూ పట్టుకోమనలేదు.

"నిన్న పొద్దున నేను..." అన్నాడు జోల్దోష్, మొద్దు దగ్గరికి వచ్చి.

"రేపు మామూలు కంటే ముందే బయల్దేరాలి బావగారూ," అంది జిపార్. "నాకు ఊపిరి సరిగా ఆడటం లేదు."

*

పొద్దున్నే జిపార్ బండి దగ్గరికి వచ్చేసరికి ముందు సీట్లో ఐమ్‌కాన్ కూర్చుని ఉంది. మందపాటి కోటు, తలకి పెద్ద గుడ్డ, పెళ్ళికి వెళ్తున్నట్టు. నువ్వెందుకమ్మా అని కొడుకు అడిగితే వినపడనట్టు తలగుడ్డ సర్దుకుంది.

దుకాణం దగ్గర సైరాగుల్ మూటలతో నిలబడి ఉంది. బండిని చూసి ఒకడుగు వెనక్కి వేసింది. ఐమ్‌కాన్ అద్దం దింపింది.

"ఎక్కుతావా?"

"బండి బాగైందా పెద్దమ్మా?"

"బాగైంది. పాడుచేసింది నేను. ఈ పిల్ల కాదు. ఎక్కితే ఎక్కు, లేకపోతే చెప్పులు నువ్వే తొడుక్కుని నడువు."

సైరాగుల్ మూటలు డిక్కీలో వేయించి ఎక్కింది. పోప్లార్లు దాటకముందే కోటు గుండీలు విప్పుకుని, "అబ్బ, ఇదేం ఉడుకమ్మా, కాస్త ఆ మీట..." అంది.

"నా కోడలికి చలి," అంది ఐమ్‌కాన్. ఆవిడ నుదుటి నుంచి చెమట కనుబొమల మీదకి కారుతోంది. తుడుచుకోలేదు.

ఎక్కుడు మొదలైంది. జిపార్ కాళ్ళ వేళ్ళు అలవాటుగా బిగుసుకున్నాయి. గతుకు తగిలింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ముల్లు ఉన్నచోటే ఉంది. ఇంకో గతుకు. బొగ్గు లారీలు ఎదురయ్యాయి, పోయాయి. జిపార్ ఆ దీపాల్ని చూడటం మానలేకపోతోంది, చూడటానికి ఓపికా లేదు. రెప్పలు బరువెక్కి వాలుతున్నాయి, ఉలిక్కిపడి లేపుతోంది.

"అత్తయ్యా."

ఐమ్‌కాన్ వెంటనే తిరిగింది. ఎప్పుడు పిలుస్తుందా అని దారంతా మెడ సగం తిప్పుకునే ఉన్నట్టుంది. "ఏమ్మా? నీళ్ళా? తడి గుడ్డ తెచ్చా."

"వద్దు. ఆ దీపాలు మీరు చూస్తుండండి. నేను కాసేపు పడుకుంటా."

ఐమ్‌కాన్ ముందుకు తిరిగింది. సీటు అంచుకి జరిగి, రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని, మొహం మీటర్లకి దగ్గరగా పెట్టింది. ఏ ముల్లు ఏం చెప్తుందో ఆవిడకి తెలియదు. కనుమ దిగి పట్నం పొగగొట్టాలు కనపడేదాకా వాటి మీద నుంచి చూపు తియ్యలేదు. వెనకాల కోడలి ఊపిరి ఆగాగి, బరువుగా, నిద్రలో వినపడుతోంది.